గ్రెట్నా క్లబ్బు, మన చందా పుస్తకం



ఈ పూట ఒక ఫుట్‌బాల్ క్లబ్బు గురించి మాట్లాడుకుందాం. ఆ క్లబ్బు ఇప్పుడు లేదు. మన దేశంలోది కూడా కాదు. స్కాట్లండ్‌లో గ్రెట్నా అనే చిన్న ఊరిది. అక్కడ జనాభా సుమారు మూడు వేలు. మన లెక్కన ఒక మోస్తరు పంచాయతీ. ఆ క్లబ్బు 1946లో మొదలైంది. 2008లో మూతపడింది.

ఫుట్‌బాల్ మాకు తెలియదండీ అని రేడియో కట్టెయ్యకండి. నేను చెప్పేదాంట్లో ఆట సగమే. మిగతా సగం డబ్బు సంగతి. మన ఊళ్ళల్లో పదిమందీ కలిసి సంఘాలు పెట్టుకుంటారు కదా. వాలీబాల్ జట్టు కావచ్చు, గ్రంథాలయం కావచ్చు, భజన మండలి కావచ్చు. అలాంటి సంఘం ఇరవై ఏళ్ళు బతకాలంటే ఏ డబ్బు దేనికి వాడాలి? ఆ సంగతి గ్రెట్నా కథ విన్నవాళ్ళకి ఇట్టే బోధపడుతుంది. అందుకే ఇంత దూరంలో ఉన్న ఊరిని మీ ముందుకి తెస్తున్నాను.

ముందు ఊరి గురించి చెబుతాను.

స్కాట్లండ్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య అక్కడ సార్క్ అని చిన్న ఏరు ఉంది. ఏరు దాటితే ఇంగ్లండ్. ఇవతల గ్రెట్నా. దాన్ని ఆనుకునే గ్రెట్నా గ్రీన్ అని ఇంకో పల్లె. ఆ పల్లె పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఇంట్లో ఒప్పుకోని ప్రేమికులు పారిపోయి వచ్చి పెళ్ళి చేసుకునే చోటు. 1753లో ఇంగ్లండ్‌లో ఒక చట్టం వచ్చింది. ఇరవై ఒకటి నిండనివాళ్ళకి పెద్దల అనుమతి లేకుండా పెళ్ళి కుదరదంది. స్కాట్లండ్‌లో ఆ నియమం లేదు. ఇద్దరు సాక్షులుంటే చాలు. అందుకని గుర్రబ్బళ్ళ మీద సరిహద్దు దాటి వచ్చేవాళ్ళు. కమ్మరి కొలిమి దగ్గర, దాగలి ముందు నిలబడి పెళ్ళాడేవాళ్ళు.

పక్కనున్న గ్రెట్నా మాత్రం అంత పాత ఊరు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడ తొమ్మిది మైళ్ళ పొడవున పెద్ద మందుగుండు ఫ్యాక్టరీ పెట్టారు. ఫిరంగులకి కావలసిన కార్డైట్ అక్కడ తయారయ్యేది. దాదాపు పన్నెండు వేలమంది ఆడవాళ్ళు పనిచేశారు. పేలుడు మందు ముద్దని చేతుల్తో కలిపేవాళ్ళు. ఎంత ప్రమాదమో ఊహించండి. ఆ పనివాళ్ళ కోసం కట్టిన ఇళ్ళతోనే గ్రెట్నా ఊరు ఏర్పడింది. యుద్ధం అయిపోయింది. ఫ్యాక్టరీ పోయింది. ఊరు మిగిలింది.

రెండో ప్రపంచ యుద్ధం అయిన మరుసటి ఏడాది, 1946లో, ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. వాళ్ళ మైదానం పేరు రేడేల్ పార్క్. రెండు మూడు వేలమంది పట్టే చిన్న మైదానం. దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు కార్లైల్. అది ఇంగ్లండ్‌లో ఉంది. కాబట్టి ఈ స్కాట్లండ్ క్లబ్బు ఏళ్ళ తరబడి ఇంగ్లండ్ పోటీల్లోనే ఆడింది. 1982లో నార్తర్న్ లీగ్‌లో చేరింది. 1991లోనూ 1992లోనూ వరసగా ఆ లీగ్ గెలిచింది. 1993లో ఇంగ్లండ్‌లోని ఎఫ్‌ఏ కప్ మొదటి రౌండులో బోల్టన్ వాండరర్స్ అనే పెద్ద జట్టు మీద ఆడింది. ఓడిపోయింది. కానీ ఎంతలో ఓడింది? మూడు గోల్స్‌కి రెండు. ఒక్క గోల్ తేడా. పగలంతా ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం సాధన చేసే ఆటగాళ్ళు వాళ్ళు. అలాంటివాళ్ళకి ఇది గర్వపడే ఓటమే.

2002 దాకా ఈ క్లబ్బు ఎలా నడిచింది? చిన్న ఊరి క్లబ్బులన్నీ ఎలా నడుస్తాయో అలాగే. టిక్కెట్ల డబ్బులు కొన్ని. సభ్యుల చందాలు కొన్ని. మిగతాది ఊరివాళ్ళ శ్రమ. గొప్పగా నడిచిందని చెప్పను. కానీ యాభై ఆరేళ్ళు నడిచింది. ఈ యాభై ఆరు గుర్తుపెట్టుకోండి.

2002లో ఒక తలుపు తెరుచుకుంది. స్కాట్లండ్‌లో ఎయిర్‌డ్రియోనియన్స్ అనే పాత క్లబ్బు అప్పుల్లో మునిగి దివాళా తీసింది. స్కాటిష్ లీగ్‌లో ఒక ఖాళీ ఏర్పడింది. దానికి గ్రెట్నా దరఖాస్తు పెట్టింది. ఎన్నికైంది. అట్టడుగున ఉన్న మూడో డివిజన్‌లో చోటు దొరికింది. దాని పైన రెండో డివిజన్, ఆ పైన మొదటి డివిజన్, అన్నిటికంటే పైన ప్రీమియర్ లీగ్ ఉండేవి. ఒక క్లబ్బు అప్పులపాలైతే ఇంకో క్లబ్బుకి చోటొచ్చింది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కథలోకి ఒక మనిషి వస్తాడు. పేరు బ్రూక్స్ మైల్సన్. ఇంగ్లండ్‌లో సండర్లాండ్‌లో పుట్టినవాడు. పేద కుటుంబం నుంచి వచ్చి బీమా వ్యాపారంలో బాగా సంపాదించాడు. కార్లైల్ దగ్గర ఉండేవాడు. సూటూ బూటూ మనిషి కాదు. జుట్టు పెంచి వెనక ముడేసుకునేవాడు. ఇంటి దగ్గర బోలెడన్ని జంతువుల్ని తెచ్చి సాకేవాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అందులోనూ చిన్న క్లబ్బులంటే మరీ ప్రాణం. గ్రెట్నాకే కాదు, ఇంకా ఎన్నో చిన్న క్లబ్బులకీ అభిమాన సంఘాలకీ సాయం చేశాడు. ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఈ కథలో దొంగ ఎవరూ లేరు. మంచిమనిషి మంచిమనసుతో ఇచ్చిన డబ్బే ఈ కథలో ఉంది. అందుకే దీన్ని జాగ్రత్తగా వినాలి.

మైల్సన్ గ్రెట్నాని తన చేతుల్లోకి తీసుకున్నాడు. డబ్బు పోశాడు. పక్క క్లబ్బుల్లో ఆటగాళ్ళు పగలు ఉద్యోగం, సాయంత్రం ఆట. గ్రెట్నాలో మాత్రం నెలజీతం మీద ఆట ఒక్కటే పని. పై డివిజన్లలో ఆడినవాళ్ళు ఈ చిన్న ఊరికి వచ్చారు. శిక్షకుడు రోవన్ అలెగ్జాండర్.

ఫలితం చూడండి. 2004-05లో మూడో డివిజన్. 36 మ్యాచ్‌లు. అందులో 32 గెలిచారు. రెండే ఓడారు. కొట్టిన గోల్స్ 130. కెన్నీ డ్యూకర్ అనే ఆటగాడు ఒక్కడే లీగ్‌లో 38 కొట్టాడు. ఆయన చదువుకున్నది వైద్యం. నిజంగానే డాక్టరు. ఒకే సీజన్‌లో ఆరు సార్లు హ్యాట్రిక్, అంటే ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్, కొట్టాడు. ఇంగ్లండ్ మహా ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ రికార్డుకి సమానమది.

మరుసటి ఏడాది రెండో డివిజన్ గెలిచారు. అదే ఏడాది స్కాటిష్ కప్‌లో ఒక్కొక్క జట్టునే దాటుకుంటూ ఫైనల్‌కి వెళ్ళారు. దేశంలోని మూడో అంచెలో ఆడే జట్టు ఆ కప్ ఫైనల్‌కి చేరడం అదే మొదటిసారి.

ఆ ఫైనల్ గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. 2006 మే 13. గ్లాస్గో నగరంలో హాంప్‌డెన్ పార్క్. చూడ్డానికి వచ్చినవాళ్ళు 51,232 మంది. గ్రెట్నా ఊరి జనాభాకి ఇంచుమించు పదిహేడు రెట్లు. ఎదుటి జట్టు హార్ట్స్. ఎడిన్‌బరో నగరానిది. 1874 నుంచీ ఉన్న క్లబ్బు. మొదటి సగంలో హార్ట్స్ ఒక గోల్ కొట్టింది. ఇక గ్రెట్నా పని అయిపోయిందనుకున్నారు. రెండో సగంలో, 76వ నిమిషంలో, గ్రెట్నాకి పెనాల్టీ దొరికింది. రయాన్ మెక్‌గఫీ కొట్టాడు. హార్ట్స్ గోల్ కీపర్ గోర్డన్ ఆపేశాడు. ఆపిన బంతి తిరిగి మెక్‌గఫీ కాళ్ళ దగ్గరికే వచ్చింది. మళ్ళీ కొట్టాడు. గోల్!

ఒకటికి ఒకటి. అదనపు సమయం ఆడారు. అయినా తేలలేదు. చివరికి పెనాల్టీ షూటౌట్. అంటే రెండు జట్లూ వంతులవారీగా పెనాల్టీలు కొట్టి తేల్చుకోవడం. గ్రెట్నా తరఫున టౌన్స్‌లీ కొట్టిన బంతిని గోర్డన్ ఆపాడు. తర్వాత గావిన్ స్కెల్టన్ వచ్చాడు. ఆయన కొట్టిన బంతి పైన అడ్డకడ్డీకి తగిలి వెనక్కి వచ్చింది. కప్పు హార్ట్స్‌కి వెళ్ళింది. స్కెల్టన్ అనే ఈ పేరు మళ్ళీ వస్తుంది.

ఓడినా గ్రెట్నాకి యూరప్ పోటీలో ఆడే అవకాశం వచ్చింది. ఐర్లండ్‌లోని డెర్రీ సిటీ చేతిలో బాగానే దెబ్బతిన్నారు. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2007 ఏప్రిల్‌లో మొదటి డివిజన్ కూడా గెలిచారు. సీజన్ చివరి మ్యాచ్, చివరి క్షణాలు. సెయింట్ జాన్‌స్టన్ అనే జట్టు కూడా పైకి వెళ్ళే పోటీలో ఉంది. గ్రెట్నా గెలిస్తేనే పైకి వెళ్తుంది. అదనపు నిమిషాల్లో జేమ్స్ గ్రేడీ గోల్ కొట్టాడు. అంతే. మూడు వేలమంది ఊరు స్కాటిష్ ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చింది. సెల్టిక్, రేంజర్స్ లాంటి పెద్ద జట్లు ఆడిన లీగ్ అది. వరసగా మూడేళ్ళు, మూడు డివిజన్లు గెలిచారు.

ఆ రోజు ఆ ఊళ్ళో పిల్లలకి ఎంత సంబరమో ఒక్కసారి తలుచుకోండి. ఆ సంబరం నిజమైనది. దాన్ని తక్కువ చెయ్యడానికి నేనిక్కడికి రాలేదు. కానీ ఆ పూట ఊళ్ళో ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. మైల్సన్ గారి డబ్బు వచ్చే నెల రాకపోతే ఈ జీతాలు ఎవరిస్తారు?

ఇక్కడ కాసేపు గ్రెట్నాని పక్కన పెడదాం. మన వీధుల్లో వినాయక చవితి పందిరి తలుచుకోండి.

చవితికి నెల ముందే కుర్రాళ్ళు చందా పుస్తకం తీస్తారు. మొదటి పేజీకి పసుపు రాసి బొట్టు పెడతారు. వీధిలో పెద్దాయన దగ్గరికి ముందు వెళ్తారు. ఆయన 1,116 రాస్తారు. ఆ తర్వాత 516, 116, ఇలా దిగుతూ వస్తుంది. కిరాణా కొట్టు ఆయన పులిహోరకి బియ్యం ఇస్తానంటాడు. ఇస్త్రీ బండి అతను 50 ఇస్తాడు. ఒకావిడ ఒకటో తారీఖున రమ్మంటుంది. ఒకటో తారీఖున మళ్ళీ వెళ్తారు. ఎవరింటికి పొద్దున వెళ్ళాలో, ఎవరింటికి రాత్రి భోజనాలయ్యాక వెళ్ళాలో ఆ కుర్రాళ్ళకి తెలుసు. ఎవరు చిరాకు పడతారో, పడినా చివరికి ఎవరు ఇస్తారో కూడా తెలుసు. నిమజ్జనం అయ్యాక 50 ఇచ్చిన ఇస్త్రీ అతను కూడా అడుగుతాడు. ఏమయ్యా, ఎంత వసూలైంది, ఎంత మిగిలింది? అడిగే హక్కు అతనికి ఉంది. డబ్బు ఇచ్చాడు కదా.

ఒక ఏడాది ఆ వీధికి ఒక పెద్దమనిషి వస్తాడు. బాగా ఉన్నవాడు. మనసున్నవాడు కూడా. చందాలెందుకయ్యా, మొత్తం నేను చూసుకుంటానంటాడు. ఇక చూడండి. ఇరవై అడుగుల విగ్రహం. ఆర్కెస్ట్రా. తొమ్మిది రోజులూ అన్నదానం. చుట్టుపక్కల వీధులవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్తారు. చందా పుస్తకం అటకెక్కుతుంది. రెండో ఏడాదీ అంతే. మూడో ఏడాదీ అంతే.

నాలుగో ఏడాది ఆయన వ్యాపారం దెబ్బతింటుంది. లేదా ఆరోగ్యం పాడవుతుంది. లేదా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిపోతాడు. కుర్రాళ్ళు అటక మీంచి పుస్తకం దించుతారు. ఎవరి తలుపు ఎప్పుడు తట్టాలో తెలిసిన కుర్రాళ్ళు ఈపాటికి ఉద్యోగాలకి హైదరాబాదు వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళకి తెలియదు. వెళ్ళిన ఇంట్లో, మీకు ఆయనున్నాడుగా, మేమెందుకూ అంటారు. ఇరవై అడుగుల విగ్రహం చూసిన కళ్ళకి మూడడుగుల విగ్రహం ఆనదు. కొన్ని వీధుల్లో ఆ ఏడాది పందిరే లేవదు.

మరి పోయిందేమిటి? పెద్దమనిషి డబ్బు ఒక్కటే కాదు. ఇచ్చే అలవాటు పోయింది. అడిగే అలవాటు పోయింది. లెక్క అడిగే హక్కూ పోయింది. ఇవి పోయాక తిరిగి తెచ్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

అలాగని పెద్దమనిషి డబ్బు తీసుకోవద్దా? తీసుకోవాలి. ఎందుకు తీసుకోకూడదు? ఆయనిచ్చిన డబ్బుతో పందిరి వెయ్యడానికి ఇనప గొట్టాలు కొనండి. ఏటా అద్దె తప్పుతుంది. వంటపాత్రలు కొనండి. జాగా ఉంటే సిమెంటు అరుగు కట్టించండి. ఆయన వెళ్ళిపోయినా ఆ గొట్టాలు ఉంటాయి, పాత్రలు ఉంటాయి, అరుగు ఉంటుంది. ఏటా అయ్యే ఖర్చు మాత్రం చందా పుస్తకంలోంచే రావాలి. విగ్రహం చిన్నదైనా సరే.

నేను చెప్పదలచుకున్న సంగతి ఇదే. ఒక్కటే. కట్టడానికి దాత. నడపడానికి చందా. మళ్ళీ చెబుతాను. ఒక్కసారి పెట్టే ఖర్చుకి దాత డబ్బు వాడండి. నెలనెలా తిరిగొచ్చే ఖర్చుకి సభ్యుల డబ్బు వాడండి.

ఇప్పుడు గ్రెట్నాకి వెళ్దాం.

ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చారు. కానీ ఆ లీగ్‌లో అప్పట్లో ఒక నియమం ఉండేది. మైదానంలో కనీసం ఆరు వేలమంది కూర్చునే ఏర్పాటు ఉండాలి. రేడేల్ పార్క్‌లో అది లేదు. మూడేళ్ళలో ఆటగాళ్ళ మీద అంత డబ్బు పెట్టారు. మైదానం మాత్రం ఆ స్థాయికి రాలేదు. కొత్త మైదానం ఆలోచనలు ఆలోచనలుగానే ఉండిపోయాయి. దాంతో మదర్‌వెల్ అనే ఊరి మైదానం అద్దెకి తీసుకున్నారు. అది గ్రెట్నాకి సుమారు డెబ్బై మైళ్ళు. మన లెక్కలో నూట పది కిలోమీటర్ల పైమాట. అంటే విజయవాడ జట్టు తన సొంత మ్యాచ్‌లు కోదాడ అవతలికి పోయి ఆడినంత దూరం. సొంత ఊరివాళ్ళు ఎంతమంది వెళ్ళగలరు? 2008 ఏప్రిల్‌లో ఇన్వర్నెస్ జట్టుతో ఆడినప్పుడు ఆ పెద్ద మైదానంలో ఉన్న ప్రేక్షకులు 431 మంది. హాంప్‌డెన్‌లో 51 వేలమంది చూసిన రోజుకి అప్పటికింకా రెండేళ్ళు నిండలేదు.

అంతకుముందే అసలు దెబ్బ తగిలింది. 2008 ఫిబ్రవరికల్లా మైల్సన్ ఆరోగ్యం బాగా పాడైంది. ఆయన నుంచి డబ్బు ఆగిపోయింది. ఆగిన వెంటనే జీతాలు ఆగాయి. చూడండి, ఏళ్ళు పట్టలేదు. నెలలు కూడా పట్టలేదు. మార్చి 12న క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది. అంటే ఇక మేం అప్పులు తీర్చలేమని చెప్పి, పగ్గాలు బయటి అధికారి చేతికి ఇవ్వడం అన్నమాట. నియమం ప్రకారం పది పాయింట్లు కోత పడ్డాయి. అప్పులు నలభై లక్షల పౌండ్లకి దగ్గర్లో ఉన్నాయి. మిగిలిన మ్యాచ్‌లు ఆడడానికి లీగ్‌వాళ్ళే డబ్బు సర్దుబాటు చేశారు.

చివరి మ్యాచ్ 2008 మే 13న జరిగింది. కప్ ఫైనల్ జరిగింది కూడా మే 13నే. ఎదుటి జట్టు కూడా అదే హార్ట్స్. ఈసారి గ్రెట్నా గెలిచింది. ఒకటి, సున్నా. ఆ ఒక్క గోల్ కొట్టినవాడు గావిన్ స్కెల్టన్. రెండేళ్ళ కిందట అడ్డకడ్డీకి కొట్టినవాడే. గ్రెట్నా క్లబ్బు చరిత్రలో ఆఖరి గోల్ అది.

కొనేవాళ్ళు ఎవరూ రాలేదు. జూన్‌లో లీగ్ నుంచి తప్పుకున్నారు. ఆగస్టులో క్లబ్బుని చట్టప్రకారం మూసేశారు. నవంబరులో మైల్సన్ చనిపోయాడు. ఆయనకి అరవై ఏళ్ళు. లీగ్‌లో ఖాళీ అయిన చోటు పక్క ఊరు ఆనన్ జట్టుకి వచ్చింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆరేళ్ళ కిందట గ్రెట్నా ఎలా వచ్చిందో, ఆనన్ అలాగే వచ్చింది.

యాభై ఆరేళ్ళు చిన్న డబ్బుతో నడిచిన క్లబ్బు, పెద్ద డబ్బుతో ఆరేళ్ళు నడిచింది. నాకు ఈ లెక్క తలుచుకుంటే బాధేస్తుంది. గోల్స్ పోయినందుకు కాదు. ఆ యాభై ఆరేళ్ళలో మైదానం గడ్డి కోసినవాళ్ళు, టిక్కెట్లు చింపినవాళ్ళు, బట్టలు ఉతికినవాళ్ళు ఉంటారు కదా. వాళ్ళందరి కష్టం కూడా ఆ నలభై లక్షల అప్పుతోపాటే కొట్టుకుపోయింది.

మీలో ఎవరికైనా ఒక సందేహం రావచ్చు. ఇదంతా చిన్న ఊరు కాబట్టి జరిగింది, పెద్ద ఊరైతే తట్టుకునేది కదా అని. అలా కాదు. హార్ట్స్ సంగతే చూడండి. వాళ్ళది రాజధాని నగరం. కానీ వాళ్ళు కూడా అప్పట్లో ఒక్క మనిషి మీదే ఆధారపడ్డారు. లిథువేనియా బ్యాంకు యజమాని వ్లాదిమిర్ రొమనోవ్. 2013లో ఆయన బ్యాంకు కూలింది. హార్ట్స్ కూడా గ్రెట్నా లాగే అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది. అప్పు రెండున్నర కోట్ల పౌండ్ల దాకా ఉంది. గ్రెట్నా అప్పుకి ఆరింతలు.

మరి హార్ట్స్ ఎలా బతికింది? అభిమానులు చందా పుస్తకం తెరిచారు. నిజంగా అదే చేశారు. ఫౌండేషన్ ఆఫ్ హార్ట్స్ అని ఒక సంఘం ఉంది. నెలకి పది పౌండ్ల నుంచి ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఇస్తామని మాట ఇచ్చారు. దాదాపు ఎనిమిది వేలమంది ముందుకొచ్చారు. అదే సమయంలో ఆన్ బడ్జ్ అనే వ్యాపారవేత్త, ఆవిడా హార్ట్స్ అభిమానే, 2014లో క్లబ్బుని కొనడానికి తన డబ్బు పెట్టారు. ఇప్పుడు ఏ డబ్బు దేనికి వెళ్ళిందో గమనించండి. కొనడం ఒక్కసారి ఖర్చు. దానికి ఆవిడ డబ్బు. మొదటి రెండేళ్ళూ క్లబ్బు నడవడానికి అభిమానుల చందా ఆసరా అయ్యింది. ఆ తర్వాత చందా డబ్బుతోనే ఆవిడ బాకీ కూడా తీర్చారు. 2021 ఆగస్టులో క్లబ్బులో ఎక్కువ వాటా అభిమానుల సంఘం చేతికి వచ్చింది. నెలనెలా చందా మాత్రం ఆపలేదు.

కట్టడానికి దాత. నడపడానికి చందా.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఎడిన్‌బరోలో అయిదు లక్షలమంది ఉన్నారు. ఎనిమిది వేలమంది చందాదారులు దొరికారు. గ్రెట్నాలో మొత్తం జనమే మూడు వేలు. ఇంటింటికీ తిరిగి ఎంత వసూలు చేసినా ప్రీమియర్ లీగ్ జీతాలు వాళ్ళు ఇవ్వలేరు. కాబట్టి చందా పుస్తకం ఇంకో పని కూడా చేస్తుంది. మనం ఎంత ఎత్తులో ఉండగలమో చెబుతుంది. దాత డబ్బు ఆ సంగతి మనకి వినపడనివ్వదు. నా మట్టుకు నేను, రెండో డివిజన్‌లో ఇరవై ఏళ్ళు ఆడే గ్రెట్నానే కోరుకుంటాను. కప్ ఫైనల్ చూసిన పిల్లవాడు నాతో ఒప్పుకోకపోవచ్చు. వాడి మాటలోనూ న్యాయం ఉంది.

ఊరివాళ్ళు మాత్రం ఊరుకోలేదు. క్లబ్బు మూతపడిన ఆ వేసవిలోనే అభిమానుల సంఘం కొత్త క్లబ్బు పెట్టింది. పేరు గ్రెట్నా 2008. పెద్ద దాత లేడు. మొదట్లో సొంత మైదానం కూడా లేదు. పక్కన ఆనన్‌లో ఆడారు. కింది స్థాయిలో, ఈస్ట్ ఆఫ్ స్కాట్లండ్ లీగ్‌లో మొదలుపెట్టారు. 2010లో రేడేల్ పార్క్‌కి తిరిగొచ్చారు. 2013లో లోలాండ్ లీగ్ అని కొత్తగా పెట్టినప్పుడు అందులో మొదటి సభ్యుల్లో వాళ్ళూ ఒకరు. ప్రేక్షకులు తక్కువే. అంత తక్కువమందితో నడపగలిగిన స్థాయిలోనే నడుపుకుంటున్నారు.

ఇప్పుడు మీ సంఘం సంగతి. ఈ వారంలో మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది.

జమాఖర్చుల పుస్తకం తెరవండి. పోయిన ఏడాది ఖర్చులు చూడండి. ప్రతి ఖర్చు పక్కనా ఒక గుర్తు పెట్టండి. మళ్ళీ వచ్చే నెల వచ్చే ఖర్చా, లేక ఒక్కసారితో అయిపోయే ఖర్చా? కరెంటు బిల్లు మళ్ళీ వస్తుంది. కోచ్ జీతం మళ్ళీ వస్తుంది. పత్రికల బిల్లు మళ్ళీ వస్తుంది. నెట్టు కట్టే ఇనప స్తంభాలు మళ్ళీ రావు. బీరువా మళ్ళీ రాదు. మళ్ళీ వచ్చే ఖర్చులన్నీ కూడండి. నెలకి ఎంత? తర్వాత చందాలు కూడండి. దాత ఇచ్చింది కలపకుండా, చందాలు మాత్రమే. నెలకి ఎంత? చందా ఎక్కువైతే మంచిది. ఖర్చు ఎక్కువైతే ఆ తేడా ఎవరి జేబులోంచి వస్తోందో చూడండి. అది ఒక్క జేబే అయితే, ఆ జేబు గలాయన బాగున్నప్పుడే, చేతికి డబ్బు వస్తున్నప్పుడే, చందాల సంఖ్య పెంచడం మొదలుపెట్టండి. ఇరవై రూపాయలైనా ఫర్వాలేదు. ఎక్కువ మంది ఇవ్వాలి. ప్రతి నెలా ఇవ్వాలి.

ఆ దాత దగ్గరికి కూడా వెళ్ళండి. మొహమాటపడకండి. అయ్యా, మీరు నెలనెలా ఇస్తున్నది మేం సభ్యుల దగ్గర పోగుచేసుకుంటాం, మీరు మాత్రం ఒక గది కట్టించండి, లేదా గోడ కట్టించండి, లేదా మైదానానికి దీపాలు పెట్టించండి అని అడగండి. ఇచ్చే మనసున్నవాళ్ళు ఈ మాటకి సంతోషిస్తారు. వాళ్ళ పేరు ఆ గోడ మీద ఉంటుంది. వాళ్ళకి ఒంట్లో బాగోలేని నెలలో కూడా సంఘం వాళ్ళ గుమ్మం ముందు నిలబడి జీతాలు అడగదు.

ఇక చందా పుస్తకం ఎవరి దగ్గరుండాలి? నా సలహా అడిగితే, పదహారు పదిహేడేళ్ళ పిల్లలు ఇద్దరికి ఇవ్వండి. ఆడపిల్లలకీ ఇవ్వండి. పాత కార్యదర్శి గారిని మొదటి రెండు నెలలు వాళ్ళ వెంట తిప్పండి. ఏ తలుపు ఎప్పుడు తట్టాలో ఆయన చూపిస్తారు. నెలాఖరున వసూలైంది ఎంతో, ఖర్చయింది ఎంతో ఆ పిల్లలే ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించాలి. బోర్డు లేకపోతే టీకొట్టు గోడకి అంటించాలి.